రిటైర్మెంట్ వయసు పెంచితే కుర్రాళ్ల ఉద్యోగాలు పోతాయా? ఈ లెక్క ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ కలవదు

రిటైర్మెంట్ వయసు మాట ఎత్తితే చాలు, ఒకే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. ఇంకో రెండేళ్లు సర్వీసు కలిస్తే పిల్ల పెళ్లి అప్పు తీరిపోతుందని తండ్రి లెక్కలు వేసుకుంటుంటే, అశోక్‌నగర్‌లోనో అవనిగడ్డలోనో రూము తీసుకుని నాలుగేళ్లుగా సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న కొడుకు మాత్రం "మీరందరూ కదలకపోతే మా నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది నాన్నా" అంటాడు. మధ్యలో వాట్సాప్ ఉండనే ఉంది. 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో వయసు 65కి పెంచేశారంటూ ఒక జీవో తిరిగితే, అది నకిలీదని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. నకిలీ జీవోను కూడా జనం అంత తేలిగ్గా నమ్మారంటే దానికో కారణం ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఈ అంకె నిజంగానే చాలాసార్లు మారింది, మారిన ప్రతిసారీ ఎవరో ఒకరికి కడుపు మండింది.

తండ్రీ కొడుకులిద్దరూ చెప్పేది నిజమే కావచ్చా? కొంతవరకు అవును. అయితే ఇద్దరూ పట్టించుకోని మూడో మనిషి ఒకరున్నారు: ఆర్థిక శాఖ. అక్కడిదాకా మెల్లగా వెళ్దాం.

ముందుగా నాలుగు మాటలు

ఫలానా వయసు నిండిన నెలాఖరున ఉద్యోగి తప్పనిసరిగా దిగిపోవడాన్ని కాగితాల మీద సూపరాన్యుయేషన్ అంటారు, మనం మామూలుగా రిటైర్మెంట్ అంటాం. ఆ వయసును చట్టంతో మారిస్తే అందరికీ మారుతుంది. ఎక్స్‌టెన్షన్ అలా కాదు, ఒక మనిషికి ఆరు నెలలో ఏడాదో పొడిగించడం. రిటైరైన వాళ్లను కాంట్రాక్టు మీదో, ఓఎస్డీ అనో, సలహాదారు అనో మళ్లీ కూర్చోబెట్టడం ఇంకో దారి. నిరుద్యోగులకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే దీనికి చట్టమూ అక్కర్లేదు, చర్చా అక్కర్లేదు. తెలంగాణలో 2025 మార్చిలో ఇలా కొనసాగుతున్న 6 వేల మందికి పైగా పంపించేయాలని ఉత్తర్వులు వచ్చినప్పుడు, ఇంతమంది ఉన్నారా అని ఆశ్చర్యపోయినవాళ్లే ఎక్కువ.

ఇక మంజూరైన పోస్టు, అంటే శాంక్షన్డ్ పోస్టు. ఫలానా ఆఫీసులో ఇంతమంది సూపరింటెండెంట్లు, ఇంతమంది జూనియర్ అసిస్టెంట్లు ఉండవచ్చని ఆర్థిక శాఖ ఒప్పుకున్న సంఖ్య ఇది. మనిషి వెళ్లిపోయినా పోస్టు కాగితం మీద ఉంటుంది, దాన్నే ఖాళీ అంటాం. ఖాళీ అయినంత మాత్రాన భర్తీ కాదు. భర్తీకి మళ్లీ ఆర్థిక శాఖ అనుమతి, నోటిఫికేషన్, పరీక్ష, కోర్టు కేసు, ఫలితం ఇలా ఎన్నో మెట్లుంటాయి. ఈ తేడా గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

55, 58, 60, 62: ఈ అంకె ఎలా కదిలింది

1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరిగిందో లేదో, ఫిబ్రవరి 8న రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కి తగ్గిస్తూ నిర్ణయం వచ్చింది. ఆ నెలాఖరుకల్లా, అంటే ఫిబ్రవరి 28న, 18 వేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులు, వాళ్లతో పాటు ప్రభుత్వ రంగ సంస్థల్లో మరో 10 వేల మంది ఇంటికి వెళ్లిపోయారు. మూడు వారాల నోటీసు! చదువుకున్న యువతకు అవకాశాలు ఇవ్వాలన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. ఉద్యోగులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కె. నాగరాజ్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1985 జనవరిలో తీర్పు వచ్చింది. వయసు ఎంత ఉండాలన్నది ప్రభుత్వ విధాన నిర్ణయం, 55 అన్నది అన్యాయమైన అంకె కాదు అని కోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది.

తమాషా ఏమిటంటే తీర్పు వచ్చేనాటికే ఆ నిర్ణయం బతికి లేదు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావు నెల రోజులు కుర్చీలో ఉన్నారు కదా, ఆ నెలలోనే ఆగస్టు 23న వయసు మళ్లీ 58కి వెళ్లింది. తిరిగొచ్చిన ఎన్టీఆర్ దాన్ని కదిలించలేదు. మధ్యలో 55కే దిగిపోయినవాళ్ల సంగతేమిటని ఇంకో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది, 58 నిండనివాళ్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఒక అంకెను కిందికి దించి మళ్లీ పైకెత్తడానికి ఏడాదిన్నర పడితే, దాని చిక్కులు విప్పడానికి కోర్టులకు ఇంకా ఎక్కువే పట్టింది.

కేంద్రం 1998లో తన ఉద్యోగులకు 58ని 60 చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం చివరిదాకా 58 దగ్గరే ఆగిపోయింది. విభజన జరగగానే 2014లో ఏపీ 60 చేసుకుంది, తెలంగాణ చేయలేదు. 2021 మార్చిలో కేసీఆర్ పీఆర్సీ, అంటే ఉద్యోగుల జీతాల సవరణ, ప్రకటిస్తూ ఒకేసారి 61 అన్నారు. 2022 జనవరిలో జగన్ కూడా పీఆర్సీతో కలిపే 62 అన్నారు. రెండుచోట్లా వయసు పెంపు జీతాల ప్రకటనతో జంటగా వచ్చింది. ఇది యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. ఏపీలో ఫిట్‌మెంట్ (సవరణలో జీతం పెంచే శాతం) 23 దగ్గర ఆగి ఉద్యోగులు రోడ్డెక్కిన రోజులవి. తెలంగాణలో జీతాల సవరణకు వేసిన బిస్వాల్ కమిషన్ సిఫార్సు చేసింది 60 ఏళ్లు, 7.5 శాతం ఫిట్‌మెంట్. ప్రభుత్వం ఇచ్చింది 61 ఏళ్లు, 30 శాతం.

వేరే రాష్ట్రాలూ ఇదే గొడవ పడ్డాయి. తమిళనాడు కోవిడ్ కాలంలో 58ని 59, తర్వాత 60 చేసింది. హర్యానాలో 2014లో దిగిపోయే ముందు ఒక ప్రభుత్వం 60 చేస్తే, వచ్చిన ప్రభుత్వం తిరిగి 58 చేసింది. కేరళలో 2022లో ప్రభుత్వ రంగ సంస్థల్లో 60కి పెంచిన ఉత్తర్వును అధికార పార్టీకి చెందిన యువజన సంఘమే వ్యతిరేకించడంతో కొద్దిరోజుల్లోనే పక్కన పెట్టేశారు.

ఉద్యోగాల సంఖ్య ముందే రాసిపెట్టి ఉంటుందా?

"ఒకరు లేస్తేనే ఇంకొకరు కూర్చోవాలి" అన్నది కుర్రాళ్ల వాదనకు పునాది. దీన్ని ఆర్థికవేత్తలు చాలాకాలంగా పొరపాటు ఆలోచన అంటున్నారు. దేశంలో ఇంత పని మాత్రమే ఉంది, దాన్ని పంచుకోవాలి అనుకోవడం తప్పని వాళ్ల మాట. ఎందుకంటే పనిచేసే మనిషి సంపాదిస్తాడు, ఖర్చు పెడతాడు, ఆ ఖర్చు ఇంకొకరికి పని అవుతుంది. లక్షల మంది ఆడవాళ్లు ఉద్యోగాల్లోకి వచ్చిన దేశాల్లో మగవాళ్ల ఉద్యోగాలు ఆ లెక్కన తగ్గిపోలేదు కదా. జొనాథన్ గ్రూబర్, డేవిడ్ వైజ్ ఆధ్వర్యంలో 12 దేశాల సమాచారం పరిశీలించి 2010లో వచ్చిన అధ్యయనం కూడా, పెద్దవాళ్లు ఎక్కువకాలం పనిచేసిన చోట యువత ఉపాధి తగ్గినట్టు ఆధారం దొరకలేదనే చెప్పింది. పెద్దవాళ్లను ముందే ఇంటికి పంపిస్తే యువతకు ఉద్యోగాలొస్తాయని ఫ్రాన్స్‌లాంటి దేశాలు 1980ల్లో గట్టిగా నమ్మాయి. వాళ్లు అనుకున్నంత జరగలేదు.

ఇక్కడితో ఆపేస్తే వ్యాసం అయిపోయినట్టే, పెద్దలు గెలిచినట్టే. కానీ ఇటలీ ఉంది. 2011 చివర్లో అప్పుల సంక్షోభంలో పడిన ఇటలీ, ఎల్సా ఫోర్నెరో అనే మంత్రి పేరుమీద పిలిచే సంస్కరణతో పెన్షన్ వయసును దాదాపు రాత్రికి రాత్రి పెంచేసింది. తర్వాత ఆర్థికవేత్తలు దేశం మొత్తాన్ని కాకుండా ఒక్కో కంపెనీని విడిగా చూశారు. ఏ కంపెనీల్లో ఎక్కువమంది పెద్దవాళ్లు వెళ్లలేక ఆగిపోయారో, ఆ కంపెనీలు యువకులను తక్కువగా తీసుకున్నాయని తేలింది.

దేశం మొత్తం మీద చూస్తే ఒక మాట, ఒక్కో సంస్థ లోపల చూస్తే ఇంకో మాట. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. పెంపు మెల్లగా, ఆర్థిక వ్యవస్థ బాగా నడుస్తున్నప్పుడు జరిగితే సర్దుబాటుకు వ్యవధి ఉంటుంది. కష్టకాలంలో ఒక్కసారిగా చేస్తే, జీతాల బడ్జెట్ కట్టేసి ఉన్న సంస్థ కొత్తవాళ్లనే ఆపుతుంది.

జీతాల బడ్జెట్ కట్టేసి ఉన్న సంస్థ అనగానే మనకు గుర్తొచ్చేది ఏది? సర్కారు ఆఫీసే.

ఆఫీసు లోపల జరిగేది: ఒక గొలుసు, రెండేళ్ల ఆగుడు

ఒక కలెక్టరేట్ సెక్షన్ ఊహించుకోండి. సూపరింటెండెంట్ రిటైరైతే, ఆయన స్థానంలోకి సీనియర్ అసిస్టెంట్ ప్రమోషన్ మీద వెళ్తారు. ఆ సీనియర్ స్థానంలోకి జూనియర్ అసిస్టెంట్. జూనియర్ స్థానంలో ఖాళీ వస్తుంది, అది గ్రూప్-4 లాంటి పరీక్షతో కొత్త మనిషికి. పైన ఒక్కరు కదిలితే కింద ముగ్గురు కదులుతారు. పైవారు ఆగితే ముగ్గురూ ఆగుతారు. అందుకే వయసు పెంచిన రోజున నిరుద్యోగులు పైకి కోప్పడతారు, ప్రమోషన్ కోసం పదేళ్లుగా ఎదురుచూస్తున్న నలభై ఐదేళ్ల సీనియర్ అసిస్టెంట్ నిశ్శబ్దంగా కోప్పడతారు. సంఘం సమావేశంలో మాత్రం ఆయనే లేచి ముఖ్యమంత్రికి ధన్యవాదాలు చెప్పాలి, ఎందుకంటే ఆ రెండేళ్లు రేపు తనకూ కలుస్తాయి.

ఇప్పుడు సంఖ్యలతో చూద్దాం. ఒక శాఖలో 3,000 మంజూరైన పోస్టులున్నాయి, ఏటా 100 మంది రిటైరవుతారు, వెంటనే 100 మందిని తీసుకుంటారు అనుకుందాం (ఇలాంటి శాఖ ఎక్కడా లేదనుకోండి, లెక్క కోసం). వయసు రెండేళ్లు పెంచారు. మొదటి ఏడాది రిటైర్మెంట్లు సున్నా, రెండో ఏడాదీ సున్నా. మూడో ఏడాది నుంచి మళ్లీ ఏటా 100. అంటే వయసు పెంపు అనేది ప్రతి ఏటా ఉద్యోగాలు తినేసేది కాదు, ఒక్కసారి వచ్చే ఆగుడు. ముప్పై ఏళ్లలో 3,000 నియామకాలు జరగాల్సిన చోట 2,800 జరుగుతాయి. నిజంగానూ ఇలాగే అయింది. తెలంగాణలో 2021 మార్చి తర్వాత మూడేళ్లపాటు వయసు మీరి రిటైరైనవాళ్లు దాదాపు లేరు, 2024 మార్చి నుంచి వరస మొదలైంది. ఏపీలో 2022, 2023 రెండేళ్లూ ఆగి, 2024 జనవరి నుంచి మొదలైంది.

విధానం రాసేవాళ్లకు ఇది చిన్న ఆగుడే. అశోక్‌నగర్ రూములో ఉన్న మనిషికి కాదు. గరిష్ఠ వయోపరిమితి 44 అయినప్పుడు, 42 ఏళ్ల అభ్యర్థికి ఆ రెండేళ్లే మొత్తం జీవితకాలపు అవకాశం. ముప్పై ఏళ్ల సగటులో 200 పోస్టులు తగ్గడం అంటే ఏమీ కాదనిపిస్తుంది, కానీ ఆ 200 మందీ ఒకే వయసు గుంపువాళ్లు, వాళ్లకు పరిహారం ఇచ్చే పద్ధతి ఏదీ లేదు.

ప్రభుత్వాలకు ఈ సంగతి తెలుసు. తెలియబట్టే బయటికెళ్లే తలుపును జరిపినప్పుడల్లా లోపలికొచ్చే తలుపునూ జరుపుతూ వచ్చాయి. తెలంగాణలో మామూలు గరిష్ఠ వయసు 34 ఉండేది, 2022లో దానికి పదేళ్లు కలిపి 44 చేశారు, 2024 ఫిబ్రవరిలో 46 చేశారు. ఏపీలో మెగా డీఎస్సీకి 42ని 44 చేశారు. బాగుందనిపిస్తుంది. కానీ 44 ఏళ్లకు ఉద్యోగంలో చేరిన టీచరు 62కి దిగిపోతే సర్వీసు 18 ఏళ్లే. ఆయన ప్రమోషన్ చూసేదెప్పుడు, పెన్షన్ నిధి పోగయ్యేదెప్పుడు? రేపు ఇంకో మూడేళ్లు పెంచండి అని అడగబోయేది ఆయనే.

ఖాళీ చేస్తే నింపుతారన్న గ్యారంటీ ఏది?

కుర్రాళ్ల వాదనలో నాకు బలహీనంగా కనిపించే చోటు ఇది. పెద్దాయన లేస్తే కుర్చీ వస్తుందనుకుంటున్నారు, లేచిన కుర్చీలు ఇప్పటికే ఎన్ని ఉన్నాయో చూడటం లేదు. బిస్వాల్ కమిషన్ నివేదిక ప్రకారం తెలంగాణలో మంజూరైన పోస్టులు 4,91,304. పనిచేస్తున్నవాళ్లు 3,00,178. ఖాళీలు 1,91,126. అంటే ప్రతి అయిదు కుర్చీల్లో దాదాపు రెండు అప్పటికే ఖాళీ, అదీ రిటైర్మెంట్ వయసు ఇంకా 58గా ఉన్న రోజుల్లో! వయసు పెంచకముందే అన్ని ఖాళీలున్నాయంటే, నోటిఫికేషన్లను ఆపింది ముసలివాళ్లు కాదన్నమాట.

మరి ఆపిందెవరు? కొంత డబ్బు, కొంత పరీక్షల నిర్వహణ, కొంత కోర్టులు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 తర్వాత తెలంగాణ గడ్డ మీద గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో 503 పోస్టులతో వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు, దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024లో పోస్టులు 563 చేసి కొత్తగా నోటిఫికేషన్ ఇచ్చారు. ఈ కథలో ఎక్కడా అరవై ఏళ్ల ఉద్యోగి లేడు. ఏపీలో డీఎస్సీ 2018లో వచ్చాక మళ్లీ పరీక్ష దాకా వెళ్లింది 16,347 పోస్టులతో 2025లోనే. ఆ మధ్య 62కి పెంచడం రెండేళ్ల ఆగుడు మాత్రమే, మిగతా ఏళ్ల సంగతికి వేరే కారణాలు వెతుక్కోవాలి.

పెద్దల వైపు నుంచి దీనికో ముక్తాయింపు వినిపిస్తుంది: "మేం వెళ్లినా మీకు రాదు, మా కుర్చీలో ఔట్‌సోర్సింగ్ మనిషిని కూర్చోబెడతారు." కటువుగా ఉన్నా ఇందులో నిజముంది. రెగ్యులర్ పోస్టు ఖాళీ అయినచోట తక్కువ జీతానికి కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లతో పని నడిపించడం రెండు రాష్ట్రాల్లోనూ అలవాటైపోయింది. అలా చేరినవాళ్లూ కుర్రాళ్లే, కానీ వాళ్ల జీతం, భద్రత పాత ఉద్యోగంలో సగం కూడా కాదు. అయితే దీన్ని పెద్దలు తమకు అనుకూలంగా వాడుకోవడం మాత్రం నాకు నచ్చదు. పోస్టు నింపకపోవడం ఒక తప్పు, దాన్ని చూపించి ఇంకో మూడేళ్లు కూర్చోవడానికి హక్కు వచ్చేస్తుందా?

అసలు ఖజానా ఏం చూసుకుంటుంది

ఒక సూపరింటెండెంట్ రిటైరవుతున్నారు, చివరి బేసిక్ 90,000, సర్వీసు 33 ఏళ్లు, పాత పెన్షన్ పద్ధతిలో ఉన్నారు. లెక్క తేలిగ్గా ఉండాలని డీఏ వదిలేస్తాను. ఆ నెలాఖరున ప్రభుత్వం ఆయనకు ఇవ్వాల్సింది ఇలా ఉంటుంది. గ్రాట్యుటీ పదహారున్నర నెలల జీతం, 14.85 లక్షలు. పెన్షన్ బేసిక్‌లో సగం, 45,000, అందులో 40 శాతం కమ్యూట్ చేసుకుంటే నెలకు 18,000 వదులుకున్నందుకు ఒక్కసారే సుమారు 17.5 లక్షలు. 300 రోజుల సంపాదిత సెలవు అమ్ముకుంటే 9 లక్షలు. అన్నీ కలిపితే 41 లక్షల పైచిలుకు, ఆయన సొంతంగా దాచుకున్న జీపీఎఫ్ కాకుండానే. ఇలాంటివాళ్లు 1,000 మంది ఒకే ఏడాది వెళ్తే 410 కోట్లు. వేలల్లో వెళ్తే ఎంతో మీరే వేసుకోండి.

ఇప్పుడు నెలవారీ ఖర్చు చూడండి. ఆయన్ని కొనసాగిస్తే నెలకు 90,000. పంపించి, గొలుసు చివర 25,000 బేసిక్‌తో ఒక కొత్త జూనియర్ అసిస్టెంట్‌ను తీసుకుంటే, కమ్యుటేషన్ పోగా ఆయన పెన్షన్ 27,000 కలిపి 52,000. పంపించి, పోస్టు నింపకపోతే 27,000 మాత్రమే.

అంటే నెలనెలా చూస్తే పెద్దవాళ్లను ఉంచుకోవడమే ఖరీదైన వ్యవహారం. మరి ప్రభుత్వాలు ఎందుకు ఉంచుకుంటాయి? ఒకే రోజున 41 లక్షలు తీసి ఇవ్వాల్సిన అవసరం లేకుండా పోతుంది కాబట్టి. నెలకు 38,000 మిగుల్చుకోవడం కోసం ఈరోజు 41 లక్షలు కట్టాలంటే ఆ మిగులుతో అది పూడటానికి తొమ్మిదేళ్లు పడుతుంది, ప్రభుత్వం ఉండేదేమో అయిదేళ్లు. వయసు పెంపుతో ఈ బకాయి మాయం కాదు, వచ్చే ప్రభుత్వం నెత్తిన పడుతుంది. తెలంగాణలో అదే అయింది. 2024 మార్చి నుంచి దిగిపోయినవాళ్లు తమకు రావాల్సిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవుల డబ్బు నెలల తరబడి రావడం లేదని ధర్నాలు చేశారు, హైకోర్టుకు వెళ్లారు. ముప్పై ఏళ్లు సర్కారులో పనిచేసి, తన డబ్బు కోసం తన ఆఫీసు ముందే కూర్చోవాల్సి రావడం ఎవరికైనా అవమానమే. మూడేళ్ల కిందట పెంపుకు పాలాభిషేకాలు చేసినవాళ్లలో కొందరికి ఈ అవమానం తగిలింది.

నా ఉద్దేశంలో ఈ గొడవలో అసలు కీలకం ఇక్కడుంది. తండ్రీ కొడుకులు ఒకరినొకరు నిందించుకుంటుంటే, వయసు పెంచడమూ పోస్టు నింపకపోవడమూ రెండూ ఒకే బల్ల మీద, ఒకే కారణంతో జరుగుతున్నాయి.

పెద్దవాళ్ల వాదనలో పస ఉన్నవి, లేనివి

"ఆయుర్దాయం పెరిగింది, 58కే ముసలివాళ్లమా" అన్న మాట ఎక్కువగా వింటాం. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు సగటు ఆయుర్దాయం 40 లోపు, ఇప్పుడు 70 చుట్టూ ఉంది, నిజమే. కాకపోతే ఆ పాత సగటు అంత తక్కువ ఉండటానికి పెద్ద కారణం పసిపిల్లల మరణాలు. ఇక్కడ చూడాల్సింది అరవైకి చేరిన మనిషి ఇంకెన్నేళ్లు బతుకుతాడన్నది, అది ఇప్పుడు సుమారు 18 ఏళ్లు. అది కూడా పెరిగింది, కాకపోతే ముప్పై ఏళ్లు పెరిగినంత నాటకీయంగా కాదు. పైగా ఆఫీసులో ఫైలు చూసే మనిషికీ, లైన్‌మన్‌కీ, బస్సు డ్రైవర్‌కీ అరవై ఏళ్లు అంటే ఒకేలా ఉండదు. 2019 సమ్మె తర్వాత తెలంగాణ ఆర్టీసీలో 58ని 60 చేసినప్పుడు, స్టీరింగ్ పట్టుకునేవాళ్లలో కొందరు అంత సంతోషపడలేదు.

అనుభవం మాట తీసేయలేనిది. రెవెన్యూ రికార్డులు, సర్వే, కోర్టు ఫైళ్లు లాంటి చోట ఒక పెద్దాయన వెళ్లిపోతే ఏ కాగితం ఎక్కడుందో చెప్పేవాళ్లు ఉండరు. దానికి ఎదురుగా కుర్రాళ్లు చెప్పేదీ సబబే: అంత అనుభవం ఒక్కరి బుర్రలో ఉండిపోవడం ఆఫీసు లోపం, ముందే కొత్తవాళ్లను తీసుకుని పక్కన కూర్చోబెట్టి ఉంటే అది చేతులు మారేది.

ఇంకో చిన్న విషయం, ఎవరూ పట్టించుకోరుగానీ. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పెన్షన్‌కు అర్హత 57 ఏళ్లకు తగ్గించారు, దాదాపు అదే కాలంలో ఉద్యోగి పనిచేసే వయసు 61కి పెంచారు. ఒకే ప్రభుత్వం దృష్టిలో కూలిపని చేసే మనిషి 57కి వృద్ధుడు, ఉద్యోగి 61 దాకా కాదు. వింటే ఎదురుబొదురుగా ఉన్నా, ఒంటితో చేసే పనికీ కుర్చీలో చేసే పనికీ తేడా ఉందని తెలియకుండానే ఒప్పుకున్నట్టయింది.

యూనివర్సిటీ, సింగరేణి: గొడవ ముదిరే చోట్లు

2025 జనవరిలో తెలంగాణ విశ్వవిద్యాలయాల అధ్యాపకులకు వయసు 60 నుంచి 65కి పెంచినప్పుడు, పీహెచ్‌డీలు చేసి ఎదురుచూస్తున్నవాళ్లు మండిపడ్డారు. వర్సిటీల వైపు కారణం సులభంగా అర్థమవుతుంది. మంజూరైన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ, ఉన్న కొద్దిమంది కూడా వెళ్లిపోతే పరిశోధకులకు గైడ్లే ఉండరు, న్యాక్ లాంటి సంస్థల మదింపులో మార్కులు పోతాయి. పరిశోధకుల వైపూ అర్థమవుతుంది. ఖాళీలు అన్నేళ్లు పేరుకుపోయేదాకా ఊరుకుని, ఇప్పుడు అవే ఖాళీలను చూపించి ఉన్నవాళ్లకు అయిదేళ్లు పొడిగించడం ఏం న్యాయం? ఇక్కడ నా మొగ్గు పరిశోధకుల వైపే. పెంపుతో పాటు నియామకాల తేదీలు కూడా అదే ఉత్తర్వులో ఉంటే మాట వేరుగా ఉండేది.

సింగరేణిలో ఇది నేరుగా ఇంట్లోకే వస్తుంది. అక్కడ వారసత్వ ఉద్యోగాలంటే ఒక ఉద్యమమే నడిచింది. కోర్టు కాదన్నాక, వైద్యపరంగా అన్‌ఫిట్ అయిన కార్మికుడి బిడ్డకు కారుణ్య నియామకం అనే దారి మిగిలింది. 2021లో కంపెనీలో వయసు 61కి పెరిగినప్పుడు, ఒక కుటుంబానికి ప్రశ్న ఇలా మారింది: నాన్న ఇంకో ఏడాది పెద్ద జీతంతో గనిలోకి దిగాలా, లేక అన్‌ఫిట్ అయ్యి కొడుక్కి దారివ్వాలా? మిగతా చోట్ల తరాల మధ్య పోటీ అంటే గణాంకం, కొత్తగూడెం క్వార్టర్లలో అది రాత్రి భోజనం దగ్గర జరిగే చర్చ.

ప్రైవేటులో బొమ్మ తిరగబడుతుంది

ఇదంతా మంజూరైన పోస్టులున్న లోకం సంగతి. హైటెక్ సిటీకి వెళ్తే సమస్య తలకిందులుగా ఉంటుంది. అక్కడ కాగితం మీద 58 అనో 60 అనో ఉన్నా, అక్కడిదాకా వెళ్లేవాళ్లు తక్కువ. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గిస్తామన్నప్పుడు ఎక్కువగా చెప్పింది మధ్య, పై స్థాయి ఉద్యోగుల గురించే. నలభై ఐదు దాటిన మేనేజరు జీతంతో ముగ్గురు ఫ్రెషర్లు వస్తారన్న లెక్క అక్కడ పనిచేస్తుంది. సర్కారులో కుర్రాడు పెద్దాయన్ని చూసి భయపడితే, ఇక్కడ పెద్దాయన కుర్రాణ్ని చూసి టెన్షన్ పడతాడు.

చిన్న ఫ్యాక్టరీలో, ప్రైవేటు స్కూల్లో పనిచేసి 58కి దిగినవాళ్ల సంగతి ఇంకా వేరు. పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ అనే పెన్షన్ పథకం కింద కనీస పెన్షన్ 2014 నుంచి నెలకు 1,000 రూపాయలే. అలాంటివాళ్లు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గానో, షాపులో లెక్కలు రాస్తూనో 70 దాకా పనిచేస్తారు, ఎవరి ఉద్యోగం తిన్నారని ఎవరూ అడగరు. పొలం పనిచేసే రైతుకైతే రిటైర్మెంట్ అనే మాటే లేదు. మొత్తం పనిచేసే జనంలో ఈ వయసు గొడవ వర్తించేది చిన్న ముక్కకే, కానీ ఆ ముక్క కోసమే లక్షల మంది యువత ఏళ్ల తరబడి చదువుతున్నారు కాబట్టి చప్పుడు అంత పెద్దగా వినిపిస్తుంది.

సీపీఎస్ బ్యాచ్ దిగేనాటికి

ఏపీలో 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లంతా సీపీఎస్‌లో, అంటే ఉద్యోగీ ప్రభుత్వమూ చెరికొంత వేసే కంట్రిబ్యూటరీ పెన్షన్‌లో ఉన్నారు, తెలంగాణకూ ఆ పద్ధతే వారసత్వంగా వచ్చింది. అప్పుడు 35 ఏళ్ల వయసులో చేరినవాళ్లు ఏపీ లెక్కన 2031లో దిగుతారు, 25 ఏళ్లకు చేరినవాళ్లు 2041లో. వీళ్లకు కమ్యుటేషన్ ఉండదు. చేతికొచ్చే మొత్తంలో పెద్ద భాగం వాళ్ల జీతంలోంచి, ప్రభుత్వ వాటాలోంచి ఏళ్లుగా పోగైన నిధి నుంచి వస్తుంది, ఆ నెల ఖజానా నుంచి కాదు. అంటే రిటైర్మెంట్ రోజున ప్రభుత్వం ఇచ్చుకోవాల్సింది బాగా తగ్గిపోతుంది, ఆ రోజును వాయిదా వేయాలన్న తొందర కూడా తగ్గుతుంది. నెలకు 90,000 ఇచ్చే మనిషి స్థానంలో 25,000కి కొత్త మనిషి దొరుకుతున్నప్పుడు, పంపించడమే లాభం అవుతుంది.

ఉద్యోగి వైపు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. సీపీఎస్ నిధి ఎంత ఎక్కువకాలం పెరిగితే నెలవారీ పెన్షన్ అంత బాగుంటుంది, ఆలస్యంగా చేరినవాళ్లకు మరీను. అప్పుడు ఇంకా ఉంచండి అని సంఘాలు అడుగుతాయి, ప్రభుత్వం చప్పుడు చేయదు. ఏపీలో జీపీఎస్ అని, కేంద్రంలో యూపీఎస్ అని పాత పెన్షన్‌కూ దీనికీ మధ్యే మార్గాలు వచ్చాయి, పాత పెన్షన్ కావాలన్న డిమాండూ ఉంది. వీటిలో ఏది నిలబడుతుందన్న దాన్నిబట్టి ఖజానా లెక్క మళ్లీ మారుతుంది. జననాల రేటు రెండు రాష్ట్రాల్లోనూ రెండు కంటే కిందికి దిగిపోయింది కాబట్టి, 2041లో ఆ కుర్చీల కోసం పరీక్ష రాసే కుర్రాళ్ల వరస ఇప్పుడున్నంత పొడవుగా ఉండకపోవచ్చు కూడా.